ఒకే పేరున్న ఫైళ్ళు

సుబ్బరామయ్య మాస్టారి కంప్యూటరులో ఫైళ్ళు వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్లు నాలుగు ఉండేవి. నాలుగున్నా ఆయనకు కావలసింది ఏనాడూ చేతికి వచ్చేది కాదు. దొరకనప్పుడల్లా తప్పంతా సాఫ్ట్‌వేరు మీదికి తోసి, అంతకన్నా గొప్పది ఇంకెక్కడుందా అని ఇంటర్నెట్టు గాలించేవాడు. కొత్తది దిగగానే అది కంప్యూటరునంతా ఈ మూల నుంచి ఆ మూలకు చదువుకోవడం మొదలుపెట్టేది. అది రాసుకున్నదాన్ని చదవడానికి పాతవి దాని వెంటపడేవి. ఆ తోపులాటలో కంప్యూటరు రొప్పుతూ ఉంటే, ఆయన హోమం చేయిస్తున్న యజమానిలా చేతులు కట్టుకుని ముందు కూర్చునేవాడు.

ఇది చూస్తే భార్య భారతీదేవికి ఒళ్ళు మండేది. పెళ్ళయిన కొత్తలో ఆయన కళ్ళజోడు వెతికింది ఆవిడే. స్కూలు బీరువా తాళాలు, జవాబు పత్రాల కట్టలు, చివరికి రిటైరైన రోజు కప్పిన శాలువా కూడా ఆవిడే వెతికి పెట్టింది. తన వస్తువు మరొకరు వెతికి తేవడం ఒక హోదా అనుకునే మనిషి ఆయన. ఆ చాకిరీ కంప్యూటరు నెత్తిన పడ్డందుకు మొదట్లో ఆవిడ సంతోషించింది కూడా.

"గుర్తుపెట్టుకునే రోజులు పోయాయి భారతీ. ఏ మూల ఏ మాట దాక్కున్నా పట్టి ఇచ్చే యంత్రం ఉండగా బుర్రకు ఆ బరువెందుకు?" అనేవాడాయన.

"గిన్నె ఎక్కడ పెట్టానో తెలియనిదానికి వంటిల్లెందుకండీ?" అనేదావిడ.

ఆయన నవ్వి ఊరుకునేవాడు. వంటింటి పోలికలకు జవాబు చెప్పడం ఆయన స్థాయికి తగదు.

ఫైలుకు పేరు పెట్టడం కూడా ఆయనకు తగని పనే. ఆయన ఫైళ్ళ పేర్లు 'కొత్తది', 'కొత్తది రెండు', 'ఫైనల్', 'అసలు ఫైనల్'. పైగా పాత రాతలన్నీ పాతకాలపు తెలుగు ఫాంటులో కొట్టినవి. తెర మీద మనకు తెలుగే కనిపిస్తుంది గానీ, యంత్రానికి అవి అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు. ఆయన ఇప్పటి తెలుగులో 'మత్స్యకారులు' అని కొట్టి వెతికితే, తన జీవితమంతా ఆ మాట ఒక్కసారి కూడా రాయలేదన్నట్టు నాలుగు సాఫ్ట్‌వేర్లూ చేతులెత్తేసేవి. అప్పుడాయన వాటిని తయారుచేసినవాళ్ళను తిట్టేవాడు. భారతీదేవి చాతుర్యమంతా ఆ తిట్లు విననట్టు నటించడంలోనే ఖర్చయ్యేది.

ఇంత హంగామా దేనికంటే, ఆయన ఒక మహాగ్రంథం రాస్తున్నాడు. అండమాన్‌లో స్థిరపడ్డ తెలుగు మత్స్యకారుల భాష మీద. రాయడం మొదలుపెట్టి ఏళ్ళు గడిచినా ఇంకా ముందుమాట దాటలేదు. ఆ ముందుమాట మాత్రం ఏడెనిమిది రకాలుగా ఉంది. అన్నిటిలోనూ మత్స్యకారులు వచ్చేది చివరి పేజీలోనే. అంతకు ముందంతా మాస్టారు ద్వీపాలకు వచ్చిన ఓడ ప్రయాణం, పిల్లలకు ఆయన తెలుగు చెప్పిన తీరు, ఆయనకు దక్కవలసి ఉండి దక్కని సన్మానాలు.

ఆ గ్రంథం కోసమే ఒకప్పుడు చిన్న రికార్డరు కొనుక్కుని, కొన్ని ఆదివారాలు చాతం రేవులో ఫెర్రీ ఎక్కి, అవతలి ఒడ్డున హోప్ టౌన్‌కు వెళ్ళి, అక్కడి ముసలమ్మల చేత పాడించి, మాట్లాడించి తెచ్చుకున్నాడు. ఒక ఆదివారం భారతీదేవి కూడా వెంట వెళ్ళింది. ఆ రోజు పాడినావిడ పేరు కాళమ్మ. ఆవిడది ఇసుక కలిసినట్టు గరుకు గొంతు, మగవాళ్ళ గొంతంత బరువు. పడవ పాట పాడుతూ మధ్యలో ఆపి, "ఏటమ్మా, మీ ఆయన ఇంటన్నాడా, నిద్రోతన్నాడా?" అని భారతీదేవిని అడిగింది. మాస్టారు నిజంగానే కునుకు తీస్తున్నాడు. ఆడవాళ్ళిద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు కూడా రికార్డరులో పడింది.

ఈ సంవత్సరం వానలు మొదలయ్యే ముందు కాళమ్మ పోయింది. వానలు వెనకపట్టాక ఆమె కొడుకు అప్పయ్య ఫెర్రీ దాటి హాడోలో మాస్టారి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, నలభై దాటినవాడు. కుర్చీ చూపించినా అంచు మీదే కూర్చున్నాడు.

"కొత్త బోటు దింపుతున్నాను మాస్టారూ, వచ్చే ఆదివారం," అన్నాడు. "మాయమ్మ ఉండగా మా వాడలో ఎవుల బోటు దిగినా, బోటు ముక్కుకి పసుపు రాసి తనే పాడేది. ఆ పాట మాకెవులికీ పూరా రాదు. ముందు మాట ఒస్తే ఎనక మాట రాదు. మీరు ఆ రోజు మిషన్లో పట్టారు కదా. అది థోడా ఈ పెన్‌డ్రైవులో ఎక్కించి ఇస్తే, ఆ యేళకి పెట్టుకుంటాం."

"అదెంత పని అప్పయ్యా. నా దగ్గరున్న సాఫ్ట్‌వేరు సముద్రంలో సూది పడేసినా తీసిస్తుంది. నువ్వు టీ తాగేలోపు ఇచ్చేస్తాను," అన్నాడు మాస్టారు.

కంప్యూటరు ముందు కూర్చుని 'కాళమ్మ' అని కొట్టాడు. ఏమీ రాలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. ఒక సాఫ్ట్‌వేరు, బెంగాలీ పొరుగువాళ్ళు పంపిన కాళీపూజ ఆహ్వానం తెచ్చి పెట్టింది. రెండోది ఏదో కళాశాల వార్షికోత్సవం ఫొటోలు తెచ్చింది. మూడోది ఇంకా చదువుకుంటున్నానంది. 'పడవ పాట' అని కొట్టాడు. ఆయన ముందుమాటల్లో కొత్తవి రెండు వచ్చాయి. పాటను పట్టుకునే దారి ఏ సాఫ్ట్‌వేరుకు ఉంటుంది? రికార్డరు తనంతట తాను పెట్టిన నంబరే ఆ ఫైలు పేరు. కాళమ్మ అన్న మాట ఆయన ఎక్కడా రాసుకోలేదు.

అప్పయ్య టీ తాగాడు. భారతీదేవి ఇంకో కప్పు ఇస్తే అదీ తాగాడు. ఫెర్రీ వేళ అవుతోందని లేచి నిలబడ్డాడు.

"ఈ కంపెనీవాళ్ళు ఉచితం అని అంటగట్టేవన్నీ ఇంతే," అన్నాడు మాస్టారు, తెర వైపు చేయి విసిరి. "నువ్వు శనివారం రా. దీనికంటే మంచిది దించి తీసి ఉంచుతాను."

అప్పయ్య వెళ్ళాక భారతీదేవి, "వెతకడం ఆపి ఆ రికార్డింగులు ఒక్కొక్కటీ తెరిచి వినండి. మహా అయితే ఒక పూట పడుతుంది," అంది.

"పద్ధతి ప్రకారం చెయ్యవలసిన పనిని మూటలు విప్పినట్టు చెయ్యమంటావా?" అన్నాడాయన.

కొత్త సాఫ్ట్‌వేరు దిగింది. అది కూడా కంప్యూటరంతా చదివి, కాళీపూజ ఆహ్వానమే తెచ్చింది. ఆ తర్వాత ఆయన విధిలేక మూటలే విప్పాడు. హాల్లో కూర్చున్న భారతీదేవికి గదిలోంచి ముసలమ్మల గొంతులు ముక్కలుముక్కలుగా వినిపించాయి. కాళమ్మ గొంతు వినిపించలేదు. సాయంత్రానికి గది నిశ్శబ్దమైంది. తర్వాత ఆయన కంప్యూటరు రిపేరు చేసే అతనికి ఫోను చెయ్యడం వినిపించింది. చెవి కొంచెం మందం గనక ఆయన స్పీకరు పెట్టే మాట్లాడతాడు.

జరిగింది ఆవిడకు ఆ ఫోనులోనే తెలిసింది. పోయిన సంవత్సరం కంప్యూటరులో చోటు నిండిపోయింది. ఆయన సాఫ్ట్‌వేర్లలో ఒకటి, ఒకే ఫైలు రెండుచోట్ల ఉంటే పట్టుకుని, ఒకటి ఉంచి రెండోది తీసేస్తానంది. పేర్లు చూసి పోల్చనా, లోపలున్నది చూసి పోల్చనా అని అడిగింది కూడా. లోపల చూడాలంటే చాలాసేపు పడుతుందని ఆయన పేర్లు చాలన్నాడు. ఆ రికార్డరేమో ఖాళీ చేసిన ప్రతిసారీ మళ్ళీ మొదటి నంబరు నుంచే లెక్క మొదలుపెట్టేది. ఒక ఆదివారం పాడిన మనిషికీ, ఇంకో ఆదివారం పాడిన మనిషికీ అదే నంబరు. సాఫ్ట్‌వేరు దృష్టిలో ఇద్దరూ ఒకటే అయ్యారు. ఒకరిని ఉంచి ఒకరిని తీసేసింది.

"పోయినేడు డిలీట్ చేసింది ఇప్పుడెక్కడ వస్తుంది అంకుల్," అన్నాడు అవతలి మనిషి. "దాని మీద ఇప్పటికి ఎన్ని రాసేసుంటారో. ఆ ఎక్కించిన సాఫ్ట్‌వేర్లే సగం తినేసుంటాయి. ఛోడ్ దీజియే, వదిలేయండి."

మాస్టారు ఫోను పెట్టేసి హాల్లోకి వచ్చాడు. "ఆ సాఫ్ట్‌వేరు సరిగ్గా హెచ్చరించి ఉండవలసింది," అన్నాడు.

"అడిగింది కదండీ," అంది భారతీదేవి.

"నువ్వు చాటుగా వింటున్నావా?"

"ఈ వీధంతా వింది. అప్పయ్యకు ఫోను చేసి ఉన్నమాట చెప్పండి. వాళ్ళు వేరే ఏదో చూసుకుంటారు."

"చెప్తాలే," అన్నాడాయన. ఆ మాట ఆయన నోట ఎలా వస్తే పని జరగదో ఆవిడకు బాగా తెలుసు. అయినా ఆ పూటకు వదిలేసింది. అది ఆవిడ పొరపాటు.

శనివారం ఆవిడ చేపల మార్కెట్టుకు వెళ్ళి వచ్చేసరికి మాస్టారు కూనిరాగం తీస్తున్నాడు. బల్ల మీద ఖాళీ టీ కప్పు ఉంది.

"అప్పయ్య వచ్చి వెళ్ళాడు. ఇచ్చేశాను. దండం పెట్టి మరీ తీసుకున్నాడు," అన్నాడు.

"ఏమిచ్చారు?"

"పడవ పాట."

"కాళమ్మది పోయింది కదా."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అంత ఆశగా వచ్చినవాణ్ణి ఉత్తచేతులతో పంపనా? అదే ఊరు, అదే రాగం. ఎవరో ఇంకో ముసలమ్మ. ఎవరైతేనేం? ఆ వాడలో ఆడవాళ్ళందరిదీ ఒకటే యాస, ఒకటే గొంతు. అంత శ్రుతిజ్ఞానం వాళ్ళకుంటుందా?"

ఆవిడ సంచీ కింద పెట్టి, తిన్నగా గదిలోకి వెళ్ళి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ పాట విన్నది. సన్నటి గొంతు, ఈలలాగా. కాళమ్మ గొంతుకూ దానికీ, ఉప్పుకూ బెల్లానికీ ఉన్నంత తేడా ఉంది. ఆవిడ పాట సగంలోనే హెడ్‌ఫోన్లు తీసేసింది.

ఈయనతో కాపురంలో ఆవిడకు కోపం వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. కోపమంటే మళ్ళీ తగ్గేది. ఇప్పుడు వచ్చింది కోపం కాదు. కంచం అంచున చచ్చిన బొద్దింకను చూసినప్పటి ఏవగింపు లాంటిది. ఒక మనిషి చచ్చిపోయిన తల్లి గొంతు అడిగితే, కొలత సరిపోయింది కదా అని ఎవరిదో చొక్కా తొడిగి పంపినట్టు పంపాడు. పైగా కూనిరాగం.

చేపలు కడిగి కూర వండింది. ఆయన, పులుసులో చింతపండు తగ్గిందన్నాడు.

ఆదివారం పొద్దున్నే ఆవిడ చాతం వెళ్ళి ఫెర్రీ ఎక్కింది. ఫోనులో చెప్పే మాట కాదనిపించింది. అవతలి రేవు బాంబూఫ్లాట్‌లో దిగి ఆటో మాట్లాడుకుని ఒడ్డు వెంట హోప్ టౌన్ చేరింది. ఆటోలో కూర్చున్నంతసేపూ ఏ మాటతో మొదలుపెట్టాలో తేల్చుకోలేకపోయింది. 'మా ఆయన మంచివాడే గానీ' అని మొదలుపెడదామా అనుకుని, అది అబద్ధమని మానుకుంది.

ఒడ్డున నీలంరంగు వేసిన కొత్త బోటు బంతిపూల దండతో నిలబడి ఉంది. చుట్టూ వాడ జనం. అప్పయ్య కొత్త లుంగీ కట్టుకుని, కింద దుంగలు సరిచేయిస్తున్నాడు. ఆవిడను చూసి గబగబా వచ్చాడు.

"దీదీ, మీరొస్తారనుకోలేదు. మాస్టారు రాలేదా?"

"రాలేదు. అప్పయ్యా, నీతో ఒక మాట చెప్పాలని వచ్చాను. నిన్న ఆయన ఇచ్చింది..."

"మాయమ్మది కాదు," అన్నాడు అప్పయ్య. "తెలుసు దీదీ."

ఎలా తెలిసిందన్నట్టు ఆవిడ అతని వైపు చూసింది.

"నిన్న ఫెర్రీలోనే ఇన్నాను, ఫోనుకి తగిలించి. రెండో మాట దాకా కూడా అక్కర్లేకపోయింది." అతను దుంగల వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. "పొరపాటున ఇచ్చారేమో, తిరిగెళ్ళి చెబుదాం అనుకున్నాను. మళ్ళీ ఇచ్చేటప్పుడు ఆయన మొకం గురుతొచ్చింది. నా వైపు సూడకుండా ఇచ్చారు. పొరపాటు కాదని తెలిసిపోయింది. మాయమ్మది ఏమైంది దీదీ?"

"పోయింది. చోటు కోసం ఏవో తీసేస్తుంటే, ఆయన చేతిలోనే పోయింది. ఇక రాదట."

ఎవరో పిలిస్తే అప్పయ్య చేత్తో ఆగమన్నాడు.

"పోయిందని చెప్తే ఏమయ్యేది? పోయినోళ్ళు పోనే పోతారు," అన్నాడు. "మా ముసిలోళ్ళ నోట్లో మాటలు బాగుంటాయని ఏరుకోడానికొచ్చారు. మనిసిని మాత్రం సూడలేదు. మాస్టారిని మళ్ళీ మా వాడకి రావద్దని చెప్పండి దీదీ. పుస్తకం ఇంట్లో కూచునే రాసుకోవచ్చు."

గొంతు పెంచకుండానే అన్నాడు. భారతీదేవికి తల దించుకోవాలనిపించలేదు. ఆ మాట చేరవలసిన చోటికి చేర్చే పని తనదని సంతోషమే వేసింది. "చెప్తాను," అంది.

అప్పుడు అప్పయ్య కొంచెం తగ్గి, "ఇంకో సంగతుంది, రండి," అని ఆవిడను ఒడ్డు పక్కనున్న ఇళ్ళ వైపు తీసుకెళ్ళాడు. మూడో ఇంటి గుమ్మంలో ఒకామె చిన్న స్పీకరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. కళ్ళు వాచి ఉన్నాయి. పేరు బేబీరాణి అనీ, చేపలు ఎండబెట్టి అమ్ముతుందనీ అప్పయ్య చెప్పాడు.

"రాత్రి మా ఇంట్లో పెట్టి ఇంటున్నాం," అన్నాడు. "పాట అయిపోయింది. ఆపుదామనుకునే సరికి లోపల ముసలమ్మ ఎవుల్నో కేకేసింది. ఇనండి."

బేబీరాణి స్పీకరు నొక్కింది. పాట చివర్న గాలి చప్పుడు, ఎక్కడో కోడి. తర్వాత ఆ సన్నటి గొంతే, పాటలోని తీపి అంతా వదిలేసి, విసుగ్గా అంది: "ఒలే బేబీ, ఆ బుట్ట నీడనెట్టావేటే? సేపలన్నీ కుళ్ళిపోతే నువ్వు తింటావా?"

"ఇది మాయమ్మ. పేరు చిట్టితల్లి," అంది బేబీరాణి. "పోయి ఆరేళ్ళు దాటింది దీదీ. ఒక్క ఫొటో కూడా లేదు మాకు. ఆ రోజు బుట్ట నిజంగానే నీడలో ఎట్టాను." మళ్ళీ నొక్కింది. మళ్ళీ తిట్టు వినిపించింది. ఆమె నవ్వింది, ముక్కు చీదుకుంది, మళ్ళీ నొక్కింది.

భారతీదేవి గుమ్మంలో ఆమె పక్కనే చతికిలబడింది. తన మొగుడు చివరిదాకా వినకుండా ఇచ్చేసినదాన్ని, తనూ నిన్న సగంలోనే ఆపేసింది.

"ఇంకా ఉన్నాయా అందులో? ఇలాంటివి?" అని అడిగింది బేబీరాణి.

"ఉన్నాయి. ఎవరివో మాకు తెలియదు," అంది భారతీదేవి. "మీరు వచ్చి వింటే తెలుస్తుంది."

కాళమ్మ పాట లేకుండానే బోటు దిగింది. అప్పయ్య భార్య బోటు ముక్కుకు పసుపు రాసింది. వాడలోని ఆడవాళ్ళు తలా ఒక ముక్క అందించుకుంటూ పాట మొదలుపెట్టారు. మూడో చరణంలో మాట ఎవరికీ రాలేదు. అక్కడ ఒకరి మొహం ఒకరు చూసుకుని, రాగం మాత్రం తీసి, నాలుగో చరణంలోకి దూకారు. మగవాళ్ళు భుజాలు ఆనించి బోటును నీళ్ళలోకి నెట్టారు. అప్పయ్య వెనక్కి చూడకుండా ఎక్కి ఇంజను పెట్టాడు.

భారతీదేవి ఇంటికి వచ్చేసరికి మాస్టారు భోజనానికి ఎదురుచూస్తున్నాడు. ఆవిడ జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన అప్పయ్య మాటలు విననట్టు దాటేసి, బేబీరాణి దగ్గరకు వచ్చేసరికి మొహం విప్పార్చాడు.

"చూశావా? నేను ఇవ్వబట్టే కదా ఆ అమ్మాయికి తల్లి గొంతు దొరికింది. ఈ సంఘటన ముందుమాటలో పెట్టాలి," అన్నాడు.

ఆవిడ ఆయన మొహం కేసి ఒకసారి చూసింది. ఈ మనిషికి సిగ్గుపడమని చెప్పడం కూడా దండగ అనిపించింది. కంప్యూటరు తీగలు పీకి, పెట్టె ఎత్తుకొచ్చి హాల్లో పెట్టుకుంది. ఆయన ఎక్కించిన వెతుకుడు సాఫ్ట్‌వేర్లన్నీ తీసేయడానికి ఆ సాయంత్రం పట్టింది. ఒక్కోటీ పోయే ముందు, నిజంగా వద్దా అని బతిమాలింది. ఆవిడ ఒక్కదానికీ కరగలేదు. ఆయన గుమ్మంలో నిలబడి, అవి లేకపోతే తన రాతపనికి ఎంత నష్టమో వివరిస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాతి ఆదివారాల్లో హోప్ టౌన్ ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు, బేబీరాణి ముందు నడుస్తూ. మొదటిరోజు మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాలుగు మాటలు మాట్లాడదామని గొంతు సవరించుకున్నాడు. ఎవరూ ఆయన వైపు తిరగలేదు. కాసేపు నిలబడి, కుర్చీ తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. హాల్లో ఆడవాళ్ళు నేల మీద కూర్చుని వినేవారు. "అప్పలకొండ అత్త కాదూ?" అని ఒకరంటే, "ఆవిడకి నత్తి కదా, ఇది వాళ్ళ చెల్లెలు," అని ఇంకొకరనేవారు. తగువు తేలాక భారతీదేవి ఆ మనిషి పేరూ, ఆమె ఎవరి తల్లో అదీ కలిపి ఫైలుకు పేరుగా పెట్టేది. ఒక గొంతును మాత్రం ఎవరూ గుర్తుపట్టలేకపోయారు. పక్కవాడ మనిషేమో అన్నారు, ఎవరింటికో చుట్టంగా వచ్చిందేమో అన్నారు. దానికి భారతీదేవి 'ఎవరో తెలియదు' అని పేరు పెట్టింది.

అప్పయ్య ఒక్కసారి కూడా రాలేదు. రమ్మని ఆవిడ అడగనూ లేదు.